దండు వెనకుండగా మెడ వంచిన సేనాని

క్రీ.శ. 408, ఆగస్టు. ఉత్తర ఇటలీలోని బొలోన్యా దగ్గర దిగిన దండులోకి పావియా నుంచి కబుర్లు వస్తున్నాయి. ఒక్కటీ మంచి కబురు కాదు.

పావియాలో రోమన్ సైనికులు తిరగబడ్డారు. గాల్ దేశంలో ఒకడు తానే చక్రవర్తినని ప్రకటించుకుంటే, వాణ్ణి అణచడానికి బయలుదేరాల్సిన దళాలవి. వాళ్లకు నాలుగు మాటలు చెప్పి సాగనంపుదామని 23 ఏళ్ల చక్రవర్తి హొనోరియస్ స్వయంగా వచ్చాడు. అతను ఊళ్లో ఉండగానే సైనికులు అధికారులను వెతికి వెతికి నరికారు. గాల్ పాలనాధికారి లిమేనియస్ పోయాడు. ఇటలీ పాలనాధికారి లాంగినియానస్ పోయాడు. చక్రవర్తి శాసనాలు చూసే సాల్వియస్ ఏకంగా చక్రవర్తి కాళ్లనే కావలించుకున్నాడు. అయినా లాక్కెళ్లి చంపారు. హొనోరియస్ కిరీటం తీసేసి, పొట్టి అంగీ తొడుక్కుని, వీధుల్లోకి వచ్చి సైనికులను బతిమాలుకోవాల్సి వచ్చింది.

చచ్చినవాళ్లందరూ ఒక్కడి మనుషులు. ఆ ఒక్కడూ బొలోన్యాలో ఉన్నాడు. పేరు ఫ్లావియస్ స్టిలికో. పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి సర్వసేనాని, చక్రవర్తికి పిల్లనిచ్చిన మామ. వయసు యాభైకి దగ్గర పడింది. పదమూడేళ్లుగా ఆ సామ్రాజ్యం ఆయన భుజాల మీదే నడిచింది.

ఆయన దగ్గరున్నది రోమన్ దండు కాదు. రోమ్ జీతం తీసుకుని రోమ్ తరఫున పోరాడే గోత్‌లు, హూణులు, ఇతర పరాయి జాతుల యోధులు. వాళ్ల నాయకులంతా కూడి మాట్లాడుకున్నారు. చక్రవర్తి ప్రాణాలతో ఉన్నాడో లేదో అప్పటికింకా తెలియదు. చంపేసి ఉంటే అందరం కలిసి పావియా మీద పడదాం, బతికి ఉంటే తిరుగుబాటుకు మూలమైన వాళ్లను మాత్రం పట్టి శిక్షిద్దాం అని ఒక మాట అనుకున్నారు.

చక్రవర్తి క్షేమంగా ఉన్నాడని కబురొచ్చింది. స్టిలికో కదలనన్నాడు.

నాయకులు ఎంతో నచ్చజెప్పారు. రోమన్ సైన్యం మీదికి పరాయి దండును ఉసిగొల్పడం ధర్మమూ కాదు, క్షేమమూ కాదన్నది ఆయన పట్టు. ఆ ఒక్క నిర్ణయంలో స్టిలికో జీవితమంతా ఉందని నా నమ్మకం. ఆ మనిషి అక్కడిదాకా వచ్చిన దారి తెలిస్తే తప్ప అది అర్థం కాదు.

తండ్రి వాండల్ జాతివాడు, రోమన్ ఆశ్విక దళంలో అధికారి. తల్లి రోమన్. పెరిగింది రోమన్‌గానే, దండులోనే. ఇంకా చిన్న వయసులోనే పర్షియా రాజు కొలువుకు రాయబారిగా వెళ్లి సంధి కుదుర్చుకుని వచ్చాడు. చక్రవర్తి థియోడోసియస్‌కు అతని మీద గురి కుదిరింది. సొంత బిడ్డలా పెంచుకుంటున్న సోదరుడి కూతురు సెరీనాను ఇచ్చి పెళ్లి చేశాడు. వాండల్ ఆశ్వికుడి కొడుకు రాజు ఇంటి అల్లుడయ్యాడు. కానీ తండ్రి జాతిని జనం ఏనాడూ మరిచిపోలేదు. చివరికి మతపండితుడు జెరోమ్ కూడా ఆయన్ని సగం అనాగరికుడనే రాశాడు.

394 సెప్టెంబరులో, నేటి స్లొవేనియా కొండల్లోని ఫ్రిజిడస్ ఏటి ఒడ్డున థియోడోసియస్ తన ప్రత్యర్థి యూజీనియస్‌తో తలపడ్డాడు. రెండు రోజుల పోరు. మొదటి రోజు గోత్ సైనికులను ముందు వరసలో నిలిపారు. ఆ ఒక్క రోజే పదివేల మంది గోత్‌లు చచ్చారని చరిత్రకారుడు ఒరోసియస్ లెక్క చెప్పాడు. రెండో రోజు కొండల మీది నుంచి ఈదురుగాలి శత్రువుల ముఖాన కొట్టింది. థియోడోసియస్ గెలిచాడు. ఆ దండు నడిపిన పెద్దల్లో స్టిలికో ఉన్నాడు. గోత్ దళాలతో వచ్చిన అలారిక్ అనే యువకుడూ ఉన్నాడు. తనవాళ్లను ముందు నిలబెట్టి బలిచ్చారన్న మంట అలారిక్ గుండెల్లో ఆరలేదు. తర్వాత పద్నాలుగేళ్లు ఈ ఇద్దరి కథ ఒకటే కథ.

అయిదు నెలలు తిరక్కుండానే, 395 జనవరి 17న మిలాన్‌లో థియోడోసియస్ కన్నుమూశాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఆర్కాడియస్‌కు కాన్‌స్టాంటినోపుల్, తూర్పు సగం. పదేళ్ల హొనోరియస్‌కు పశ్చిమ సగం. ఇద్దరినీ చూసుకొమ్మని చక్రవర్తి పోతూ పోతూ తనకే అప్పగించాడని స్టిలికో అన్నాడు. పశ్చిమాన ఆ మాట చెల్లింది. తూర్పు కొలువు ఒప్పుకోలేదు.

ఆ పేచీ స్టిలికో బతుకంతా తినేసింది. అలారిక్ బాల్కన్లలో దోపిడీ మొదలుపెట్టినప్పుడు ఆయన దండెత్తి వెళ్లాడు. తూర్పు దళాలను వెనక్కి పంపెయ్యమని కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఉత్తర్వు వస్తే మారుమాట్లాడకుండా పంపేశాడు. ఆ దళాలే నగరం బయట, చక్రవర్తి కళ్లెదుటే, అక్కడి మంత్రి రూఫినస్‌ను ముక్కలు చేశాయి. 397లో ఇంకోసారి గ్రీసు దాకా వెళ్లి అలారిక్‌ను చుట్టుముట్టాడు. అలారిక్ జారిపోయాడు. తూర్పు కొలువు స్టిలికోను ప్రజాశత్రువుగా ప్రకటించింది.

అదే ఏడాది ఆఫ్రికా సేనాని గిల్డో తూర్పు పక్షం చేరి రోమ్ నగరానికి గోధుమలు ఆపేశాడు. గిల్డో మీదికి స్టిలికో అతని తమ్ముణ్ణే పంపాడు. మస్సెజెల్ అనే ఆ తమ్ముడి పిల్లలను గిల్డో చంపించాడు, అందుకే ఆ ఎంపిక. 398లో మస్సెజెల్ గెలిచి వచ్చాడు. కొన్నాళ్లకే వంతెన మీద నడుస్తుండగా ఏట్లో పడి కొట్టుకుపోయాడు. స్టిలికో సైగ చేస్తేనే అంగరక్షకులు తోశారని జోసిమస్ అనే చరిత్రకారుడు రాశాడు. అది నిజమైతే క్షమించరాని పని. స్టిలికోను మచ్చలేని మనిషిగా చూపించాలని నాకు లేదు.

ఆ 398లోనే స్టిలికో తన పెద్దకూతురు మరియాను హొనోరియస్‌కు ఇచ్చి పెళ్లి చేశాడు. పెళ్లికొడుకుకు 13 ఏళ్లు. సెరీనా హొనోరియస్‌కు పెదనాన్న బిడ్డే కాబట్టి, మన వరసల్లో అతను చేసుకున్నది అక్క కూతుర్ని. స్టిలికో అతనికి బావా అయ్యాడు, మామా అయ్యాడు. మరియా పదేళ్లు తిరక్కముందే పోయింది. రోమ్‌లో సెయింట్ పీటర్ ఆలయం పక్కన పూడ్చారు. 1544లో ఆ సమాధి బయటపడితే అందులో బోలెడు నగలు దొరికాయి. వాటిలో ఒక చిన్న పతకం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని మీద మధ్య నుంచి చక్రం ఆకుల్లా పరుచుకున్న గీతలున్నాయి. ఆ గీతలు నిజానికి పేర్లు. హొనోరియస్, మరియా, స్టిలికో, సెరీనా, ఇంకోవైపు పిల్లలు యూకేరియస్, థెర్మాన్షియా. నూరేళ్లు బతకండని దీవిస్తూ చెక్కిన ఆ పేర్లలో ఒక్కరు కూడా ముసలితనం చూడలేదని తెలిసి చదివితే చెయ్యి వణుకుతుంది.

401 చివర్లో అలారిక్ తన జనంతో సహా ఇటలీలో దిగాడు. స్టిలికో అప్పుడు ఆల్ప్స్ కొండల అవతల వేరే దండయాత్రను అణుస్తున్నాడు. హొనోరియస్ మిలాన్ గోడల వెనక చిక్కుకున్నాడు. నడిచలికాలంలో రైన్ నది సరిహద్దు నుంచీ బ్రిటన్ నుంచీ దళాలను వెనక్కి రప్పించి, స్టిలికో కొండలు దాటి వచ్చి మిలాన్‌ను విడిపించాడు. 402 ఏప్రిల్ 6, ఈస్టర్ ఆదివారం. పొలెంటియా దగ్గర గోత్‌లు పండుగ చేసుకుంటూ ఉండగా రోమన్ సైన్యం మీద పడింది. అలారిక్ శిబిరం దొరికింది, పెళ్లాం పిల్లలు కూడా దొరికారు. అలారిక్ మాత్రం దొరకలేదు. వెరోనా దగ్గర మళ్లీ ఓడాడు, మళ్లీ ఇటలీ దాటిపోయాడు. హొనోరియస్ కొలువు భయంతో మిలాన్ వదిలేసి, చుట్టూ బురద మడుగులున్న రవెన్నాకు మారిపోయింది.

చేతికి చిక్కినవాణ్ణి ఎందుకు వదిలాడు? రోమ్‌లో ఆనాడే ఈ ప్రశ్న వేశారు, కుట్ర ఉందన్నారు. నాకు మాత్రం జవాబు సైనికుల లెక్కల్లోనే కనిపిస్తుంది. సామ్రాజ్యానికి సిపాయిలు దొరకడం లేదు. భూస్వాములు తమ పొలాల్లో పనిచేసే మనుషులను దండుకు పంపమన్నారు. 397 నాటి శాసనం ప్రకారం మనిషికి 25 బంగారు నాణేలు కడితే వదిలేశారు. 406లో మరింత దిగజారి, దండులో చేరే బానిసలకు స్వేచ్ఛ ఇస్తాం, చేతిలో రెండు నాణేలు పెడతాం అని శాసనం చేశారు. బానిసల చేతికి ఆయుధం ఇవ్వడమంటే రోమన్‌కు ప్రాణం పోయినంత పని. అలాంటి రోజుల్లో పోరాడటం తెలిసిన వేలాది గోత్‌లను చంపి పారేయడం కంటే జీతానికి పెట్టుకోవడమే తెలివైన పని అనుకున్నాడు స్టిలికో. అలారిక్ ఆయన దృష్టిలో శత్రువే, కానీ రేపు పనికొచ్చే శత్రువు.

406లో ఆ సంగతి కళ్లకు కట్టింది. రాడగైసస్ అనే గోత్ నాయకుడు మహా గుంపుతో ఇటలీ మీద పడి ఫ్లోరెన్స్‌ను ముట్టడించాడు. స్టిలికో పావియాలో ముప్ఫై దళాలను కూడగట్టాడు. హూణుల నాయకుడు ఉల్దిన్‌ను, గోత్ నాయకుడు సారస్‌ను తోడు తెచ్చుకున్నాడు. రాడగైసస్‌ను ఫియెసోలే కొండల్లోకి తరిమి, తిండీ నీళ్లూ అందకుండా మాడ్చాడు. ఆగస్టు 23న రాడగైసస్ పట్టుబడి చచ్చాడు. అతని మెరికల్లాంటి యోధులు 12,000 మందిని స్టిలికో తన దండులో కలిపేసుకున్నాడు. మిగిలినవాళ్లను బానిసలుగా అమ్మారు. తలకొక బంగారు నాణెం చొప్పున, పశువుల మందను తోలినట్టు తోలారని ఒరోసియస్ రాశాడు.

రోమ్ సంబరాలు చేసుకుంది. కానీ ఇటలీని కాపాడుకోవడానికి సరిహద్దు నుంచి తీసిన దళాలు తిరిగి వెళ్లలేదు. 406 డిసెంబరు 31న వాండల్‌లు, అలాన్‌లు, స్వేబీలు రైన్ నది దాటి గాల్ దేశంలో పడ్డారు. బ్రిటన్‌లోని సైన్యం కాన్‌స్టంటైన్ అనేవాణ్ణి చక్రవర్తిని చేసుకుని గాల్‌లో దిగింది. ఇల్లు ఒక పక్క తగలబడుతుంటే స్టిలికో కళ్లు తూర్పు మీదే ఉన్నాయి. బాల్కన్లలోని ఇల్లీరికం రాష్ట్రాన్ని తూర్పు కొలువు చేతిలోంచి లాక్కోవాలని, అందుకు అలారిక్‌ను వాడుకోవాలని పథకం. ఆయన జీవితంలో పెద్ద పొరపాటు ఇదేనని నేననుకుంటాను. తానే చక్రవర్తుల సంరక్షకుణ్ణన్న పాత పట్టుదల ఆయన్ని గాల్ వైపు చూడనివ్వలేదు.

ఆ పథకం సాగలేదు. బాల్కన్లలోని ఎపిరస్‌లో తనను కూర్చోబెట్టినందుకు అలారిక్ బిల్లు పెట్టాడు. 4,000 పౌన్ల బంగారం. ఆనాటి రోమన్ పౌను లెక్కన సుమారు 1,300 కిలోలు.

408లో రోమ్‌లో సెనేట్ కూడింది. ఎక్కువమంది యుద్ధమే అన్నారు. అలారిక్ ఎపిరస్‌లో ఆగింది చక్రవర్తి కోసమేనని, పథకం ఆగింది కూడా చక్రవర్తి మాట మీదేనని చెబుతూ స్టిలికో హొనోరియస్ ఉత్తరాన్ని తీసి చూపించాడు. అన్నదమ్ముల మధ్య చిచ్చు రగలకూడదని సెరీనా అడ్డుపడి రాయించిన ఉత్తరమది. సెనేట్ ఒప్పుకుంది. ఒప్పుకుంది అనడం కంటే, భయపడింది అనాలి. లాంపాడియస్ అనే ఒక్క పెద్దమనిషి మాత్రం లేచి, ఇది సంధి కాదు, బానిసత్వానికి రాసిచ్చిన పత్రమని ముఖానే అన్నాడు. సభ ముగియగానే ప్రాణభయంతో పక్కనున్న చర్చిలో దూరాడు.

లాంపాడియస్ ధైర్యాన్ని చరిత్ర మెచ్చుకుంది. కానీ ఇంకో లెక్క కూడా చూడాలి. రోమ్‌లోని గొప్ప కుటుంబాల్లో చాలావాటికి, ధాన్యం, ద్రాక్షసారా కాకుండా, ఏడాదికి 4,000 పౌన్ల బంగారం రాబడి ఉండేదని ఒలింపియోడోరస్ అనే చరిత్రకారుడు రాశాడు. అంటే అలారిక్ అడిగింది ఒక్క ఇంటి ఒక్క ఏడాది ఆదాయం. దాని కోసం ఆ సభ గుండెలు బాదుకుంది.

మే 1న తూర్పు చక్రవర్తి ఆర్కాడియస్ చనిపోయాడు. అతని కొడుకుకు ఏడేళ్లు. కాన్‌స్టాంటినోపుల్‌కు నేనే వెళతానన్నాడు హొనోరియస్. ఖర్చు భరించలేం, పైగా గాల్‌లో దొంగ చక్రవర్తి కూర్చున్నాడు, మీరు ఇటలీ వదలకూడదు, నేను వెళ్లొస్తానన్నాడు స్టిలికో. కొలువులో ఒలింపియస్ అనే అధికారి ఉన్నాడు. స్టిలికో దయతో పైకొచ్చినవాడే, భక్తిపరుడని పేరు. స్టిలికో తూర్పుకు వెళ్లేది మీ అన్న కొడుకును తప్పించి తన కొడుకు యూకేరియస్‌కు పట్టం కట్టడానికేనని చక్రవర్తి చెవిలో ఊదాడు. పావియాలో జబ్బుపడిన సైనికులను పరామర్శించే నెపంతో మంచం మంచం దగ్గరా అదే విషం పోశాడు. ఆగస్టు 13న ఆ విషం పండింది.

బొలోన్యాలో స్టిలికో కదలనన్న తర్వాత నాయకులు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. సారస్ అంతటితో ఆగలేదు. నిన్నటి దాకా భుజం భుజం కలిపి పోరాడినవాడే రాత్రివేళ తన మనుషులతో వచ్చి, స్టిలికోకు కాపలా ఉన్న హూణులను నిద్రలోనే నరికేసి సామాన్లు దోచుకున్నాడు. స్టిలికో రవెన్నా దారి పట్టాడు. ఆ పరుగులో కూడా ఆయన చేసిన పని ఒకటుంది. పరాయి యోధుల భార్యాబిడ్డలు ఇటలీ నగరాల్లో ఉంటున్నారు. ఆ యోధులెవరినీ కోట లోపలికి రానివ్వొద్దని దారి పొడుగునా నగరాలను హెచ్చరిస్తూ పోయాడు. తన పక్షాన మిగిలిన ఒకే ఒక్క బలానికి తలుపులు తనే మూయించాడు.

రవెన్నాలో అప్పటికే ఒలింపియస్ ఉత్తర్వు చేరింది. స్టిలికోను పట్టి బంధించమని. సంగతి తెలిసి ఆయన రాత్రికి రాత్రి ఒక చర్చిలో శరణు చొచ్చాడు. ఆయన ఇంటి మనుషులు, నమ్మిన యోధులు ఆయుధాలతో చుట్టుపక్కలే కాచుకుని ఉన్నారు.

తెల్లవారాక సైనికులు చర్చిలోకి వచ్చారు. బిషప్ ఎదుట ప్రమాణం చేశారు. చంపమని చక్రవర్తి చెప్పలేదు, కాపలాలో ఉంచమన్నాడు, అంతే అన్నారు. ఆ మాట నమ్మి ఆయన గడప దాటాడు. దాటగానే, ఉత్తరం తెచ్చినవాడే రెండో ఉత్తరం బయటికి తీశాడు. రాజద్రోహానికి మరణశిక్ష అని అందులో ఉంది.

ఆయన మనుషులు కత్తులు దూశారు. విడిపించుకుని పోవడానికి ఆ క్షణంలో అవకాశం ఉంది. స్టిలికో వాళ్ల మీద కేకలేశాడు, బెదిరించాడు, వెనక్కి నెట్టాడు. తర్వాత తనే మెడ కత్తికి అప్పగించాడు. ఆ రోజు ఆగస్టు 22. కత్తి ఎత్తినవాడి పేరు హెరాక్లియన్. కూలి కింద అతనికి ఆఫ్రికా సేనాధిపత్యం దక్కింది.

ఆయనను తిట్టిపోస్తూ వచ్చిన జోసిమస్ కలమే ఈ చావు దగ్గరికి వచ్చేసరికి మారిపోతుంది. ఆనాటి అధికారులందరిలో ఈయనే నయమని, ఇన్నేళ్లు సేనానిగా ఉండి పదవులు అమ్ముకోలేదని, సిపాయిల జీతం మింగలేదని రాశాడు. కుట్ర రుజువు చేయడానికి ఒలింపియస్ స్టిలికో మనుషులను పట్టించాడు. చక్రవర్తి లేఖకుల పెద్ద పీటర్‌ను, అంతఃపుర అధికారి డ్యూటెరియస్‌ను నిజం చెప్పమని కర్రలతో బాదించాడు. చచ్చేదాకా బాదినా ఇద్దరి నోటా ఒక్క మాట రాలేదు. యూకేరియస్‌ను రోమ్‌లో చంపారు. మరియా పోయాక హొనోరియస్ పెళ్లాడిన చెల్లెలు థెర్మాన్షియాను పుట్టింటికి పంపేశారు. రోమ్ ఫోరంలో గోత్‌ల మీద విజయానికి గుర్తుగా నిలిపిన శిల మీద స్టిలికో పేరున్న వరుసలను ఉలితో చెక్కి పారేశారు.

ఆ తర్వాత ఇటలీ నగరాల్లో జరిగింది తలచుకుంటే కడుపు రగిలిపోతుంది. స్టిలికో చచ్చాడని తెలిసిందే తడవుగా రోమన్ సైనికులు పరాయి యోధుల ఇళ్ల మీద పడి ఆడవాళ్లనూ పిల్లలనూ నరికేశారు. ఆయన ఎవరిని కాపాడాలని నగరాల తలుపులు మూయించాడో ఆ సైనికులే ఈ పని చేశారు. భార్యాబిడ్డలను పోగొట్టుకున్న 30,000 మంది యోధులు తిన్నగా వెళ్లి అలారిక్‌తో కలిశారు.

అలారిక్ చలికాలం రాకముందే రోమ్ గోడల కింద ఉన్నాడు. లోపల ఆకలి, రోగాలు. సెరీనా శత్రువుకు తలుపులు తీస్తుందన్న అనుమానంతో సెనేట్ ఆమెను గొంతు నులిమి చంపించింది. ఆమె చేతుల మీద పెరిగిన చక్రవర్తి చెల్లెలు గల్లా ప్లాసిడియా కూడా సరేనంది. సెరీనా పోయినా ముట్టడి ఆగలేదు. చివరికి బేరం కుదిరింది. 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, 4,000 పట్టు అంగీలు, ఎర్రరంగు అద్దిన తోళ్లు 3,000, మిరియాలు 3,000 పౌన్లు. ఆ మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్లిన సరుకు. సొమ్ము చాలక గుళ్లలోని విగ్రహాలు కరిగించారు. కరిగినవాటిలో శౌర్యదేవత విగ్రహం కూడా ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. అంత ఇచ్చినా రవెన్నా కొలువు మొండికేయడంతో, 410 ఆగస్టు 24న అలారిక్ రోమ్‌లో ప్రవేశించి మూడు రోజులు దోచాడు.

ఒలింపియస్‌ను కొన్నేళ్ల తర్వాత కొత్త సేనాని కాన్‌స్టాంటియస్ పట్టించి, చెవులు కోయించి, కర్రలతో కొట్టించి చంపాడు. హెరాక్లియన్ ఆఫ్రికాలో కుదురుగా ఉండలేదు. స్టిలికో చెయ్యని ఏ ద్రోహానికైతే ఆయన మెడ నరికాడో, సరిగ్గా ఆ ద్రోహమే 413లో తాను చేశాడు. ఓడలు కట్టుకుని హొనోరియస్ మీదికి ఇటలీలో దిగాడు, ఓడిపోయాడు, కార్తేజ్‌కు పారిపోయి అక్కడ చంపబడ్డాడు. హొనోరియస్ మాత్రం 423 దాకా రవెన్నాలో రాజ్యం చేశాడు.